ఆ పిసరు ఎక్కడ పెడతారు?

ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరవండి. 1.5ను 1.5తో గుణించండి. వచ్చినదాన్ని మళ్లీ 1.5తో. అలా మొత్తం పన్నెండు ఒకటిన్నరలను గుణిస్తే 129.746 వస్తుంది. ఇప్పుడు ఏడు రెళ్లను గుణించండి. 128. ఈ రెండు సంఖ్యలూ ఒకటే అయి ఉంటే సంగీతంలో చాలా తలనొప్పులు పుట్టేవే కావు. కానీ ఒకటి కావు. తేడా నూటికి 1.36.

ఇంత చిన్న తేడాతో మనుషులు రెండు వేల ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్నారు. ఆ కుస్తీలో గెలిచినవాళ్లు లేరు, సర్దుకున్నవాళ్లు ఉన్నారు. ఎవరెవరు ఎలా సర్దుకున్నారో చూస్తే, ఇంటికీ ఉద్యోగానికీ ఒంటికీ న్యాయం చేయబోయి నెలాఖరుకల్లా ఎక్కడో తేడా కొట్టించుకునే మనకు పనికొచ్చే తెలివి బోలెడు దొరుకుతుంది.

ముందు తేడా ఎక్కడిదో చూద్దాం. వీణ తీగ మీటారు. సెకనుకు 240 కంపనాలు అనుకోండి, అదే షడ్జం. తీగను సరిగ్గా సగం దగ్గర నొక్కితే 480, పై షడ్జం. మూడింట రెండు వంతుల పొడవు మోగేలా నొక్కితే 360, పంచమం. స, ప కలిసి మోగితే చెవికి అంత హాయిగా ఉండటానికి కారణం ఈ రెండుకు మూడు నిష్పత్తే. ఇప్పుడు ఆ పంచమాన్నే షడ్జమనుకుని దాని పంచమం పట్టండి. రిషభం వస్తుంది. దాని పంచమం ధైవతం. ఇలా పంచమం మీద పంచమం ఎక్కుతూ పోతే పన్నెండు అడుగుల్లో పన్నెండు స్వరస్థానాలూ తగిలి, ఏడు స్థాయిల పైన మళ్లీ షడ్జం రావాలి. వస్తుంది, కానీ మనం బయల్దేరిన షడ్జం కాదు. ఏడు స్థాయిలూ కిందికి దించి చూస్తే 240 దగ్గర మొదలుపెట్టిన మనిషి 243.3 దగ్గర తేలతాడు. హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య ఉండే ఎడంలో ఇది దాదాపు పావు వంతు. సంగీతం రానివాళ్లకు కూడా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది.

పన్నెండుతో ఆగకుండా ఇంకా ఎక్కితే ఎప్పటికైనా కలుస్తుందా? కలవదు. ఒకటిన్నర అంటే మూడు బై రెండు. మూడును ఎన్నిసార్లు గుణించినా వచ్చేది బేసి సంఖ్యే. రెండును ఎన్నిసార్లు గుణించినా సరి సంఖ్యే. హైస్కూలు పిల్లలకు కూడా అర్థమయ్యే కారణం ఇది. దీని ముందు పైథాగరస్ శిష్యులూ, చైనా పండితులూ, యూరప్ ఆర్గన్ నిపుణులూ అందరూ తలవంచారు. 53 అడుగులు ఎక్కితే మాత్రం బాగా దగ్గరకు వస్తుంది. 19వ శతాబ్దంలో బోసాంకే అనే ఇంగ్లిషాయన ఆ లెక్కనే నమ్ముకుని, స్థాయిని 53 భాగాలు చేసి హార్మోనియం తయారు చేయించాడు. ఇప్పుడది మ్యూజియం వస్తువు.

పన్నెండు అడుగుల దగ్గర మిగిలిపోయే ఆ కాస్తకు పైథాగరస్ పేరు పెట్టారు. మనం పిసరు అందాం.

మొట్టమొదట ఒప్పుకోవాల్సింది, పిసరు మిగలడం మీ చేతకానితనం కాదు. ఉద్యోగం, పిల్లల చదువు, అమ్మానాన్నల మందులు, ఇంటి లోను, నడక, నిద్ర, స్నేహితులు. ప్రతిదానికీ దానికి న్యాయంగా రావాల్సింది ఇచ్చి చివర కూడితే ఇరవై నాలుగు గంటలు దాటుతుంది. ఐదింటికి లేస్తే అన్నీ సర్దుకుంటాయని ఒక పుస్తకం చెబుతుంది, నాలుగింటికి లేవమని ఇంకోటి. నాకు అవి 53 మెట్ల హార్మోనియంలా కనిపిస్తాయి. నాలుగింటికి లేచినవాడు తొమ్మిదింటికి పడుకోవాలి, పిల్లలు కబుర్లు చెప్పేదేమో తొమ్మిది తర్వాత. పిసరు పొద్దుటి నుంచి రాత్రికి జరిగిందంతే. పోగొట్టడం మన చేతిలో లేదు, చోటు ఎంచుకోవడం ఉంది.

చోటు ఎంచుకోవడంలో యూరప్ వాళ్లు మొదట చేసిన పని చూడండి. 16, 17 శతాబ్దాల్లో ఆర్గన్‌లు శ్రుతి చేసేవాళ్లకు మనం అంతర గాంధారం అనే స్వరం తేటగా మోగడం ముఖ్యం. షడ్జంతో అది నాలుగుకు ఐదు నిష్పత్తిలో ఉండాలి. దానికోసం పదకొండు పంచమాలను తలా కాస్త కుదించారు. వాడుకలో ఉన్న పాటలన్నీ తియ్యగా పలికాయి. లెక్కలో మిగిలిన వంకరంతా పన్నెండో పంచమం మీద పడింది. అది మోగితే ఊళ పెట్టినట్టు ఉండేది. దానికి తోడేలు అనే పేరు పెట్టారు. మరి దాన్నేం చేశారు? ఆ రెండు మెట్లూ కలిపి నొక్కడం మానేశారు. ఆ దిక్కుకు పోకుండా పాటలు కట్టారు.

మన ఇళ్లలో ఎక్కువగా నడిచేది ఈ పద్ధతే. ఆఫీసులో మంచి పేరు, చుట్టాల్లో మంచి పేరు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో మరీ మంచి పేరు. పదకొండు చోట్ల తియ్యగా మోగే మనిషి పన్నెండో చోట ఊళ పెడుతుంటాడు. ఒకరికి అది షుగరు రిపోర్టు. ఒకరికి భార్యతో మాటలు తగ్గిపోవడం. ఇంకొకరికి తమ్ముడికి ఎప్పుడో ఇవ్వాల్సిన డబ్బు. మీ తోడేలు ఎక్కడుందో కనుక్కోవడం తేలికే. 'ఇప్పుడవన్నీ ఎందుకులే' అనే మాట మీ ఇంట్లో ఏ సంగతి దగ్గర వస్తుందో గమనించండి. తోడేలును పెట్టుకోవడం నేరమేమీ కాదు. సివిల్స్ రాసే ఏడాది, దుకాణం తెరిచిన మొదటి ఏడాది, ఇంట్లో పసిబిడ్డ ఉన్న ఏడాది ఏదో ఒకదాన్ని గాలికి వదలక తప్పదు. అయితే ఆర్గన్ శ్రుతి చేసినవాడికి అది ఏ మెట్ల మధ్య ఉందో తెలుసు, కావాలని తనే అక్కడ పెట్టాడు. మీరు పెట్టకుండానే వచ్చి చేరినదాని సంగతే చూసుకోవాలి.

రెండో దారి, పిసరును పన్నెండు ముక్కలు చేసి అందరికీ పంచడం. 1584లో చైనా మింగ్ వంశపు రాకుమారుడు జూ జాయ్‌యూ ఈ లెక్క తేల్చాడు. పన్నెండుసార్లు గుణిస్తే సరిగ్గా 2 వచ్చే సంఖ్య 1.059463. ప్రతి మెట్టూ వెనకటి మెట్టుకు ఇన్ని రెట్లు. ఈనాటి పియానో, కీబోర్డు, సినిమా పాటల ట్రాకులు నడిచేది దీని మీదే. తోడేలు మాయమైంది, ఏ మెట్టు నుంచైనా పాట ఎత్తుకోవచ్చు. అందుకు చెల్లించిన ధర, షడ్జానికీ పై షడ్జానికీ మధ్య తప్ప ఇంకే జోడీలోనూ పూర్తి స్వచ్ఛత లేకపోవడం.

ఇక్కడ అంకెల దగ్గర కాసేపు ఆగాలి. 240 షడ్జానికి అసలు పంచమం 360. కీబోర్డు ఇచ్చేది 359.6. ఎవరికి పట్టింపు? అసలు అంతర గాంధారం 300. కీబోర్డు ఇచ్చేది 302.4. షడ్జంతో కలిపి నొక్కిపట్టి వింటే, తేడా ఉన్నచోట శబ్దం అలలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పంచమం దగ్గర సెకనుకు ఒక్క అల కూడా పూర్తిగా రాదు, గాంధారం దగ్గర తొమ్మిదికి పైగా వస్తాయి. పంచడం సమానంగానే పంచారు. పంచమానికి తెలియనైనా తెలియలేదు. భారమంతా గాంధారం మోస్తోంది.

'నాకు అందరూ సమానమే' అని గర్వంగా చెప్పుకునేవాళ్లు ఈ అంకెలు రాసిపెట్టుకోవాలి. పని ఎక్కువైన నెలలో అందరి వాటాలోంచీ తలా అరగంట కోశారనుకోండి. పాతికేళ్ల స్నేహితుడు పంచమం, గమనించడు. ఒకటో తరగతి పాప గాంధారం. ఆదివారం ఫోన్ పావుగంట నుంచి ఐదు నిమిషాలకు దిగితే అన్నయ్యకు ఏమీ అనిపించదు. ఊళ్లో ఒక్కతే ఉన్న అమ్మ ఆ పది నిమిషాల కోసం వారమంతా ఆలోచిస్తుంది, నా మీద కోపమొచ్చిందా అని. టీమ్ నడిపేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. అందరికీ ఒకేలా రెండు పనులు పెంచితే పదేళ్ల అనుభవం ఉన్నవాడు భుజం దులుపుకుంటాడు, నిన్న చేరిన అమ్మాయి రాత్రంతా కూర్చుంటుంది. కోత వేసే ముందు ఎవరెంత కోల్పోతారన్నది ఒక లెక్క. అది ఎవరికి ఎంత వినబడుతుందన్నది వేరే లెక్క. రెండోది వేసేవాళ్లు తక్కువ.

మూడో దారి మనది. నా మొగ్గు దీనివైపే, కారణం చెబుతాను. మన పద్ధతిలో పిసరు ఎదురుపడే అవసరమే రాకుండా చూసుకున్నారు. తంబుర స, ప పట్టుకుని కూర్చుంటుంది. కచేరీ మూడు గంటలు సాగినా షడ్జం కదలదు. ప్రతి స్వరమూ ఆ ఒక్క షడ్జంతో తేల్చుకుంటే చాలు, తక్కిన పదకొండింటితో కాదు. రాగమాలికలో రాగాలు మారతాయి గానీ షడ్జం మారదు. గ్రహభేదం చేసి, అంటే వేరే స్వరాన్ని షడ్జంగా పట్టి చూపించే విద్వాంసులు కూడా కాసేపు అటు తిరిగి, చప్పట్లు పడగానే ఇటే వస్తారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేసే పనివాళ్లు స్థాయికి పన్నెండు చొప్పున ఇరవై నాలుగు మెట్లను మైనంలో నిలబెడతారు, చెవితో విని సరిచేస్తూ. స్వరం ఎక్కడుందో ఆ మెట్టు చెబుతుంది. తీగను ఎంత లాగాలో రాగం చెబుతుంది. తోడి గాంధారం ఊగే ఊపును ఏ మెట్టు మీదా ఉంచలేం.

దీనికీ ధర ఉంది. పాట మధ్యలో ఆధారస్వరం మార్చుకుంటూ పోయే యూరప్ సింఫనీ లాంటిది మనకు లేదు. నాలుగు స్వరాలు గుత్తిగా మోగించడం కూడా మన పద్ధతి కాదు. ఆ వదులుకోవడం వల్ల ఏం మిగిలిందో లెక్కపెట్టినవాడు వేంకటమఖి. 17వ శతాబ్దంలో, తంజావూరును తెలుగు నాయక రాజులు ఏలుతున్న రోజుల్లో 'చతుర్దండి ప్రకాశిక' రాశాడు. స, ప కదలవు. మధ్యమం రెండు రకాలు. రి, గ కలిసి ఆరు విధాలు, ద, ని కలిసి ఆరు విధాలు. రెండు ఆర్లు పన్నెండు, పన్నెండు ఆర్లు డెబ్బై రెండు. ఆ 72 మేళాల్లో అప్పటికి వాడుకలో ఉన్నవి 19 మాత్రమే. తక్కినవాటికి ఆయన పట్టికలో చోటు ఉంచాడు. అప్పటి తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆ 72లోనూ కృతులు కట్టారు. అంతటితో ఆగక మహతి, లవంగి అంటూ నాలుగే స్వరాల రాగాలు, సర్వశ్రీ అని మూడు స్వరాల రాగం కూడా చేశారు. షడ్జం కదలనివ్వకపోవడం వల్ల ఎవరికీ చోటు చాలకుండా పోలేదు.

కాబట్టి ఒక షడ్జం ఎంచుకోండి. అది ఉద్యోగమే కానక్కర్లేదు. ఊరు కావచ్చు, చేతి విద్య కావచ్చు, ఆరోగ్యం కావచ్చు, పిల్లలు పెద్దయ్యేదాకా పిల్లలు కావచ్చు. రెండు విషయాలు కొట్టుకున్నప్పుడు మీరు దేన్ని ముట్టుకోరో అదే మీ షడ్జం. ఆర్నెల్లు కోచింగ్, ఆర్నెల్లు స్టాక్ మార్కెట్, ఆపైన యూట్యూబ్ ఛానల్ అంటూ ఆధారం మార్చేవాళ్లకు మారిన ప్రతిసారీ పిసరు కొత్తగా ఎదురవుతుంది. ఎంచుకున్నాక దాని ధర పైకి చెప్పండి, కనీసం ఇంట్లోవాళ్లతో. అమ్మానాన్నల దగ్గరే ఉంటానని తెనాలిలో ఆగిపోయినవాడికి డాలస్ జీతం రాదు. డాలస్‌లో ఉన్నవాడు అర్ధరాత్రి నాన్నకు ఆయాసం వస్తే పక్కన ఉండలేడు. రెండూ శ్రుతిలో ఉన్న జీవితాలే. తెనాలిలో కూర్చుని డాలస్ లెక్కలు వేసుకునేవాడిదీ, డాలస్‌లో కూర్చుని ఏటా 'వచ్చే ఏడాది వచ్చేస్తాం నాన్నా' అనేవాడిదీ అపశ్రుతి.

పక్కదారి మాట ఒకటి. హార్మోనియం మెట్లు కదలవు, గమకం పలకవు అని 1940లో ఆకాశవాణి దాన్ని తన స్టూడియోల్లోంచి తీసేసింది. 1971 దాకా ఆ ఆంక్ష నడిచింది. వాదనలో నిజం లేకపోలేదు. అదే ముప్పై ఏళ్లూ మన ఊళ్లలో హరిశ్చంద్ర కాటిసీను హార్మోనియం లేకుండా జరిగిన పాపాన పోలేదు. ఆరుబయట, వేలమంది మధ్య, పద్యం చివర రాగం తీసే నటుడికి శ్రుతి జారకుండా పట్టి ఉంచే గొంతు అదే. ఎవరినైనా పనికిరాడని తేల్చే ముందు ఏ స్టేజీ మీద పెట్టి చూశారో ఒకసారి అడగండి.

ఇక షడ్జం ఎంత ఎత్తున పెట్టాలి? ప్రపంచమంతా ట్యూనర్ యాప్‌లలో A అనే స్వరానికి 440 కనిపిస్తుంది. అదేదో ప్రకృతి నియమం అనుకునేవాళ్లున్నారు. హాండెల్ వాడాడని చెప్పే 1751 నాటి శ్రుతిదండం 422.5 పలుకుతుంది. ఆ తర్వాత వాద్యబృందాలు పోటీ పడ్డాయి. కాస్త ఎత్తున పెడితే వయొలిన్లు తళుక్కుమంటాయి, పక్క ఊరి బృందం మనకంటే ఎత్తున ఉందంటే మనం ఇంకాస్త. ఇలా ఎక్కించుకుంటూ పోయి 19వ శతాబ్దంలో లండన్‌లో 452 దాకా తెచ్చారు. తీగ బిగించేవాడికి పోయేదేముంది, గొంతులు చిరిగింది గాయకులకు. 1859లో ఫ్రాన్స్ 435 అని చట్టం చేసింది. 1939లో లండన్ సమావేశంలో 440 మీద రాజీ కుదిరింది. అంటే ఆ అంకె ఒక ఒప్పందం, అంతే. ఈ మధ్య 432 వింటే రోగాలు పోతాయని వీడియోలు తిరుగుతున్నాయి. కంపనాలు లెక్కపెట్టేది సెకనుకు. సెకను మనిషి పెట్టుకున్న కొలత. సెకను పొడవు ఇంకోలా పెట్టుకుని ఉంటే ఆ 432 ఇంకేదో అంకె అయ్యేది. మహిమ ఎటు పోయేది?

పెళ్లి ఖర్చూ, స్కూలు ఫీజూ, కొడుకు ప్యాకేజీ గురించి చెప్పుకునే గొప్పా ఇలాగే ఎక్కుతాయి. పక్కింటివాళ్లు అర మెట్టు ఎక్కిస్తే మనం ఒక మెట్టు. మన పాట మేష్టర్లు దీనికి విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. ఒకటి, ఒకటిన్నర, ఐదు, ఐదున్నర అంటూ ఎవరి గొంతుకు తగ్గ శ్రుతి వాళ్లకు. అది తేల్చే పద్ధతి కూడా చక్కనిది. పై గాంధారం ఒక్కటే అందితే చాలదు, కింద మంద్ర పంచమం కూడా గాలి కాకుండా పలకాలి. మనం సంకల్పాలు చెప్పుకునేది మాత్రం జనవరి ఒకటిన, మంచి ఊపు మీద, పై గాంధారం చూసుకుని. రోజూ పది కిలోమీటర్లు, వారానికో పుస్తకం. జ్వరం తగ్గిన మర్నాడు, ఆడిట్ జరిగే వారంలో, ఇంట్లో శుభకార్యం ఉన్నప్పుడు మీరు ఎంత చేయగలరో అంత దగ్గర శ్రుతి పెట్టండి. అది రెండు కిలోమీటర్లయితే రెండే. ఊపున్న రోజు పైకి ఎలాగూ వెళతారు.

శ్రుతి చేసేవాళ్ల చెవి గురించి కూడా చెప్పాలి. 240 తీగ, 243 తీగ కలిపి మీటితే సెకనుకు మూడు అలలు లేస్తాయి. భౌతికశాస్త్రం పాఠాల్లో వీటినే విస్పందనాలు అంటారు. బిరడ తిప్పి 241కి తెస్తే సెకనుకు ఒకటి. 240.1 దగ్గర ఒక్క అల పూర్తి కావడానికి పది సెకన్లు పడుతుంది. తేడా తగ్గేకొద్దీ దాన్ని పట్టుకోవడానికి ఎక్కువసేపు వినాలన్నమాట. పరాయివాళ్లతో గొడవ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. పదేళ్లుగా కలిసి ఉన్నవాళ్ల మధ్య తేడా పదో వంతు. 'ఏమైనా చెప్పాలా?' అని చెప్పులు వేసుకుంటూ అడిగితే బయటపడదు. కూర్చుని, టీవీ ఆపి, కాసేపు మౌనాన్ని కూడా భరించి వినాలి. ఇంకోటి, శ్రుతి చేసేటప్పుడు ఒక తీగను కదపకుండా ఉంచి రెండోదాన్ని తిప్పుతారు. గొడవయ్యాక ఇద్దరూ ఒకేసారి మారిపోతే మళ్లీ కలవరు. ఆయన త్వరగా వచ్చేసరికి ఆవిడ సాయంత్రం క్లాసులో చేరి ఉంటుంది. ఈ నెల ఎవరి బిరడ తిప్పుతున్నారో మాట్లాడుకోండి.

మృదంగం సంగతీ ఇంతే ఆసక్తికరంగా ఉంటుంది. మామూలు తోలు బిగించి కొడితే వచ్చే ఉపస్వరాలు అసలు స్వరానికి 1.59, 2.14, 2.3 రెట్లు. పూర్ణాంకాలు కావు కాబట్టి చప్పుడే గానీ శ్రుతి ఉండదు. కుడి మూత నడుమ నల్లటి ముద్ద పొరలు పొరలుగా అద్ది బరువెక్కిస్తే అవి పూర్ణాంకాల వరసలోకి వస్తాయి. విశాఖపట్నంలో చిన్నతనం గడిపి మెట్రిక్యులేషన్ కూడా అక్కడే ముగించిన సి.వి.రామన్, 1920లో శివకాళి కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో దీని గురించి రాశారు. బరువు తీసేస్తే హాయిగా మోగుతామనుకునేవాళ్లు ఆ ముద్దను గీకేసిన మృదంగం ఒకసారి వాయించి చూడాలి. అంచున అద్దినా ప్రయోజనం లేదు, నడిమధ్యన అద్దాలి. మీరు మోస్తున్న బాధ్యతల్లో మీ షడ్జానికి దగ్గరగా ఉన్నవేవో, అంచున వేలాడుతున్నవేవో విడదీసి చూడండి. మొహమాటానికి ఒప్పుకున్న కమిటీ సభ్యత్వాలన్నీ అంచునే ఉంటాయి.

ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని మీ మీద హక్కున్నవాటిని వరసగా రాయండి. ఒక్కోదాని పక్కన వచ్చే మూడు నెలల్లో దానికి ఎంత తగ్గించబోతున్నారో రాయండి. సున్నా అని అన్నిటి పక్కనా రాసిన కాగితం చించేయండి, అది చెల్లదు. తగ్గించిన చోట ఉన్నది పంచమమా గాంధారమా అని చూసుకుని అవసరమైతే మార్చండి. తర్వాత ఆ మనిషికి ఫోన్ చేసి, తగ్గబోతోందనీ ఎప్పటిదాకా అనీ ముందే చెప్పండి. 'మరేం ఫరవాలేదులే' అనే జవాబు వస్తే వెంటనే నమ్మేయకండి, ఇంకో పది సెకన్లు లైన్‌లో ఉండండి.